ఫైల్ తెరుచుకోకపోతే పాట పోయినట్టు కాదు



1956 నవంబరు 1 దాకా మన బీదర్ హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజులు చూసిన పెద్దల తెలుగు పాటలు ఇప్పుడు రికార్డు చేసుకోకపోతే మళ్లీ దొరకవు. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయి ఫైల్ "సున్నా సెకన్లు" అని చూపిస్తే, చాలామంది దాన్ని డిలీట్ చేసేస్తున్నారు. తొందరపడొద్దని మా మాట.

1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చిన వేవ్ ఫైల్ గూడ్సు బండి లాంటిది. ఒక్కో డబ్బాకు ముందు నాలుగు బైట్లలో పేరు, తర్వాతి నాలుగు బైట్లలో లోపల సరుకు ఎంతుందో ఆ లెక్క. తెలియని డబ్బా వస్తే లెక్క చూసి దాటేయొచ్చు. సరుకు బేసి సంఖ్య అయితే ఇంకో బైటు కూడా దాటాలి. పాట ఉండేది 'డేటా' డబ్బాలో. కరెంటు పోయినప్పుడు చాలాసార్లు చెడేది ఆ లెక్కే. అప్పటికే డిస్కులోకి ఎక్కిన పాట అక్కడే ఉంటుంది.

ముందు ఫైల్‌కు కాపీ తీయండి. ఆ కాపీలో ఫైల్ మొదట్లో ఉన్న మొత్తం సైజునూ, 'డేటా' సైజునూ పైథాన్‌తో సరిచేస్తే పాట మళ్లీ పలుకుతుంది. ఇరవై ముప్పై లైన్ల పని.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు సంఘానికి చందా ఇస్తున్నారు, సంతోషం. ఒక ఆదివారం కూడా ఇవ్వాలని మా కోరిక. చందా వచ్చే ఏడూ వస్తుంది. పాడే అవ్వ గొంతు అప్పటికి ఉంటుందో లేదో!