తలంబ్రాలే అసలు పరీక్ష!

సంక్రాంతి పండగ. ఆకివీడులో ఓ ఇల్లు అనుకోండి. హైదరాబాద్ నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు... పిల్లలంతా దిగారు. అరిసెలు, పాకుండలు తింటూ టీవీ ముందు చేరారు. చిన్నాడు పెన్‌డ్రైవ్ పెట్టి అక్క పెళ్లి వీడియో వేశాడు. మాంగల్యధారణ దాకా అంతా బాగానే ఉంది. తలంబ్రాల దగ్గరకు వచ్చేసరికి మామ్మ కళ్లజోడు సవరించుకుంది.

'ఏంట్రా ఇదీ... మీ తాతయ్య మొహం అలికేసినట్టుందేంటి?'

పెళ్లికూతురి వెనకే నిల్చున్న ఆ తాతయ్య ఇప్పుడు లేరు. వీడియోలో ఉన్నారు కానీ... చదరాలు చదరాలుగా!

తప్పు కెమెరాది కాదు. కెమెరా ఇచ్చిన ఫైళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయని చిన్నాడు వాటిని కంప్యూటర్లో కుదించాడు. చోటు కలిసొస్తుందని అసలు ఫైళ్లు చెరిపేశాడు. కుదించే పని చేసింది గ్రాఫిక్స్ కార్డులోని 'వీడియో ఎన్‌కోడర్'. 'అది పాత కార్డు మామ్మా, కొత్తది కొని మళ్లీ చేస్తాలే' అంటున్నాడు. నిజంగా చేయగలడా? పాత ఎన్‌కోడర్‌కీ కొత్తదానికీ ఉన్న తేడా ఏంటి?

గింజ గింజకీ లెక్కే

వీడియో అంటే సెకనుకు 25 బొమ్మలు. ఫుల్ హెచ్‌డీ వీడియోని ఏ కుదింపూ లేకుండా దాస్తే గంటకి సుమారు 280 గిగాబైట్లు కావాలి. అదే గంట వీడియోని సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున కుదిస్తే 3.6 గిగాబైట్లలో సర్దుకుంటుంది. అంటే దాదాపు 78వ వంతు!

ఇదెలా సాధ్యం? ఎన్‌కోడర్ ప్రతి బొమ్మనీ మొత్తంగా రాయదు. మండపం, అరటి చెట్లు కదలవు కాబట్టి 'ఇందాకటి బొమ్మలో ఉన్నట్టే' అని గుర్తు పెట్టుకుంటుంది. పురోహితుడి చెయ్యి కదిలితే 'ఇది ఇటు జరిగింది' అని రాసుకుంటుంది. మారినదాన్ని మాత్రమే కొత్తగా రాస్తుంది.

చిక్కంతా తలంబ్రాలతోనే. వేల గింజలు ఒక్కోటీ ఒక్కో దారిన పడతాయి. మధ్యలో ఫొటోల ఫ్లాషులు. ఎన్‌కోడర్‌కి కేటాయించిన బిట్లు చాలవు. అప్పుడది సన్నటి వివరాలు వదిలేస్తుంది. ముఖం మీది ముడతలు, పట్టుచీర జరీ... ముందు పోయేవి అవే. ఉప్పుటేరు నీటి మీద అలలైనా, కొల్లేట్లో ఒక్కసారిగా లేచే పెలికాన్ల గుంపైనా ఇదే తంతు.

పాస్కల్... ట్యూరింగ్

ఇంటి కంప్యూటర్లలో వాడే కార్డుల్లో ఎన్వీడియావి బాగా తెలిసినవి. ఈ పని కోసమే ప్రత్యేకంగా ఉండే 'ఎన్వెంక్' సర్క్యూట్ 2012లో జీటీఎక్స్ 680తో మొదలైంది. ప్రాసెసర్ మీద భారం వేయకుండా వీడియోని చకచకా కుదించడం దీని ప్రత్యేకత. 2016లో పాస్కల్ తరం (జీటీఎక్స్ 1050, 1060 లాంటివి), 2018లో ట్యూరింగ్ తరం వచ్చాయి. సెకండ్ హ్యాండులో కార్డు కొనేవాళ్లు ఈ రెండింటినీ పోల్చిచూడొచ్చు.

తేడా ఎక్కడంటే... హెచ్.265 పద్ధతిలో కుదించేటప్పుడు పాస్కల్ వెనకటి బొమ్మలనే చూసి లెక్క వేస్తుంది. ట్యూరింగ్ రాబోయే బొమ్మనీ చూస్తుంది. వెనకా ముందూ చూసి మధ్య బొమ్మని ఊహించే ఈ విద్యనే 'బి-ఫ్రేమ్' అంటారు. దీంతోపాటు ఇతర మార్పుల వల్ల అదే నాణ్యతకు హెచ్.265లో 25 శాతం వరకూ, పాత హెచ్.264లో 15 శాతం వరకూ బిట్లు ఆదా అవుతాయని ఎన్వీడియా చెప్పింది. అంటే పాస్కల్‌లో 100 గిగాబైట్లు పట్టే పెళ్లి వీడియోలు ట్యూరింగ్‌లో 75కి దిగొచ్చు. 'వరకూ' అన్న మాట మాత్రం మరవకూడదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే వీడియోలో ఈ తేడా కంటికి ఆనకపోవచ్చు. తలంబ్రాల్లోనే బయటపడుతుంది.

పేరు చూసి మోసపోవద్దు

2019 ఏప్రిల్‌లో వచ్చిన జీటీఎక్స్ 1650 కూడా ట్యూరింగ్ కార్డే. కానీ మొదట వచ్చిన 1650లో ఉన్నది అంతకుముందు తరం ఎన్‌కోడర్! అదే ఏడాది నవంబరులో వచ్చిన 1650 సూపర్‌లో మాత్రం కొత్తది ఉంది. పాత కార్డు కొనేవాళ్లు డబ్బా మీది పేరు కాదు, లోపలి చిప్ ఏదో అడగాలి.

ట్యూరింగ్‌తోనే కథ ఆగలేదు. 2022లో వచ్చిన ఇంటెల్ ఆర్క్, ఎన్వీడియా ఆర్‌టీఎక్స్ 40 కార్డులు ఇంకా పొదుపైన ఏవీ1 పద్ధతిలోనూ కుదిస్తాయి. అయితే కొత్త పద్ధతుల్లో చేసిన ఫైళ్లు చాలా పాత టీవీల్లో ఆడవు. మామ్మ గదిలో టీవీ పాతదైతే హెచ్.264లో ఒక కాపీ విడిగా ఉంచాల్సిందే.

ఇంట్లోనే పరీక్ష

హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. తలంబ్రాల ఘట్టం ఒక్క నిమిషం కత్తిరించండి. రెండు కార్డుల మీదా ఒకే బిట్‌రేటుతో, సెకనుకు 4 మెగాబిట్లనుకోండి, కుదించండి. 'క్వాలిటీ' అంకె ఒకటే పెట్టి పోల్చకండి. ఆ అంకె రెండు తరాల్లో ఒకే ఫలితం ఇవ్వకపోవచ్చు. తర్వాత పెద్ద టీవీలో ఒకే చోట ఆపి గింజల అంచులు, జరీ, ముఖాలు చూడండి.

తొందర లేకపోతే కార్డు కొనకుండానే ప్రాసెసర్‌తో పని కానివ్వొచ్చు. ఎక్స్265 లాంటి ఉచిత ఎన్‌కోడర్లను 'స్లో'లో పెట్టి పడుకోండి. గంటలు పడితే పట్టొచ్చు కానీ ట్యూరింగ్ కంటే చిన్న ఫైలులో అదే నాణ్యత ఇస్తాయి. వీడియోని ఈ క్షణమే లైవ్‌లో అమెరికాలో ఉన్న అమ్మాయికి చూపించాలంటే మాత్రం కార్డు ఉంటే సులువు.

మళ్లీ మామ్మ దగ్గరకు వద్దాం. చిన్నాడు ఎంత కొత్త కార్డు తెచ్చినా తాతయ్య ముఖం తిరిగి రాదు. ఒకసారి వదిలేసిన వివరం ఆ ఫైల్లో లేదు. ఇప్పటికే కుదించినదాన్ని ఇంకోసారి కుదిస్తే మరికొంత పోతుంది. కొత్త ఎన్‌కోడర్ తక్కువ పోగొడుతుంది, అంతే. పోయినదాన్ని తెచ్చివ్వదు.

అందుకే కుదించిన కాపీలు ఎన్నైనా చేసుకోండి... కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్లు మాత్రం చెరపకండి. రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో దాచండి. ఇప్పటికే చెరిపేశారా? పెళ్లి వీడియో తీసిన స్టూడియోని, అప్పట్లో కాపీ పట్టుకెళ్లిన బంధువులని ఓసారి అడగండి. ఎవరి బీరువాలోనో ఓ పాత డిస్కు ఉండొచ్చు. కొత్త కార్డు సంగతి ఆ తర్వాత!