1323 దగ్గర ఆగిపోయే నడక

వరంగల్‌లో హెరిటేజ్ వాక్ అంటే దారి ముందే తెలిసిపోతుంది. హన్మకొండలో వేయిస్తంభాల గుడి, అక్కణ్నుంచి ఖిలా వరంగల్, నాలుగు కీర్తి తోరణాలు, ఫోటోలు, టీ. తోరణాలకి కూతవేటు దూరంలో ఏటవాలు గోడల ఖుష్ మహల్ ఉన్నా, అక్కడికొచ్చేసరికి గైడు గొంతు తగ్గిపోతుంది. అంటే 1323లో కాకతీయులతోనే ఊరి కథ అయిపోయిందన్నమాట. ఆ తర్వాత ఏడు వందల ఏళ్లు ఇక్కడ ఎవరూ ఏదీ కట్టలేదు, దేవుణ్ని కొలవలేదు!

నా పేచీ దీనితోనే. అమెరికన్ బాప్టిస్టులు 1879లో హన్మకొండలో మిషన్ పెట్టారు. చర్చి, బడి, ఆసుపత్రి దాని వెంటే వచ్చాయి. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. దాని కతెడ్రల్ కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది. మొదటి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ నుంచి వచ్చినవాడు. ఈ సంగతులు ఏ వాక్‌లోనూ నా చెవిన పడలేదు. అడిగితే, అవి తెల్లవాళ్లు కట్టినవి కదా అంటారు.

కట్టించడం వేరు, కట్టడం వేరు. మెదక్ చర్చి సంగతే తీసుకోండి. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. పోస్నెట్ దొర పేరు అందరికీ తెలుసు. కానీ ఆ రాళ్లెత్తింది కరువులో తిండి కోసం పనికొచ్చిన మనవాళ్లే. రుద్రదేవుడు కట్టించిన గుడి మనదైనప్పుడు, మన కూలీలు కట్టి, మన దళిత కుటుంబాలు తరాలుగా మోకరిల్లిన చర్చి పరాయిదెలా అవుతుంది?

సరదా నడకకి ఇంత గొడవా అనొచ్చు. నడిచే దారిలో లేని కట్టడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అలాంటిదాన్ని కూల్చడం తేలిక. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలుని, ఖైదీలు జంపఖానాలు నేసిన జైలుని, 2021 జూన్‌లో పడగొట్టారు. మరుసటి నెలలోనే రామప్పకి యునెస్కో గుర్తింపొచ్చింది, అంతా పండగ చేసుకున్నాం. జైలు స్థలంలో ఆసుపత్రి వస్తుందన్నారు. ఆసుపత్రి వద్దని కాదు. ఒక్క గోడైనా, ఒక్క గేటైనా మిగల్చాలన్న ఆలోచన ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న. మా సాఫ్ట్‌వేర్‌లో పాత కోడ్ తీసెయ్యాలన్నా ముందు ఒక కాపీ దాస్తాం.

వాక్‌లు పెట్టేవాళ్లు ఈసారి దారి కాస్త మార్చి చూడండి. ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుంటే చెప్పులు బయట విడిచి, వెనక వరసలో కూర్చోండి. అయిపోయాక అక్కడి ముసలమ్మల్ని అడగండి, వాళ్ల తాతలు ఏ ఊరి నుంచి, ఎందుకు ఇక్కడికొచ్చారో. ఆ పూటకి గైడు అక్కర్లేదు.