జీమ్యాట్ వేవర్ అడగాలా?

సివిల్స్‌కి రెండు మూడేళ్లు ఇచ్చి, ఇప్పుడు ఎంబీఏ వైపు చూస్తున్న ఇంజనీరింగ్ మిత్రులకు ఈ మాట. 2020లో కోవిడ్‌తో పరీక్షా కేంద్రాలు మూతపడ్డప్పుడు అమెరికాలో చాలా బిజినెస్ స్కూళ్లు టెస్ట్ వేవర్ ఇచ్చాయి. మిచిగన్ రాస్, వర్జీనియా డార్డెన్ లాంటివి ఆ తర్వాతా కొనసాగించాయి. పరీక్ష తప్పిందని సంబరపడకండి. రుజువు అక్కర్లేదని కాదు, వేరే రుజువు చూపించమని దాని అర్థం.

మా భిలాయి స్టీల్ ప్లాంట్‌లో నాలుగేళ్లుగా బ్లాస్ట్ ఫర్నేస్ లెక్కలు చూసే ఇంజనీరు, బీటెక్ మ్యాథ్స్‌లో మంచి మార్కులుంటే, నిశ్చింతగా అడగొచ్చు. మన సంగతి వేరు. లైబ్రరీలో గడిచిన ఏళ్లకు కాగితం మీద ఏముంది? సీశాట్ 2015 నుంచి 33 శాతం వస్తే చాలనే పేపరు. అది చూపి ఎవరినీ ఒప్పించలేం. పైగా స్కాలర్‌షిప్‌కి చాలా చోట్ల స్కోరు చూస్తారు. బ్యాంకు లోను మీద వెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయమా?

ఇప్పటి జీమ్యాట్ రెండుంబావు గంటలే. ఎస్సే లేదు, జామెట్రీ లేదు (హమ్మయ్య!). స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. సీశాట్‌కి చేసిన రీజనింగ్, కాంప్రహెన్షన్ వృథా పోవు. అందుకే నేను పరీక్షే రాస్తున్నాను. మీరు వేవరే అడగాలనుకుంటే, వాళ్లు కాదన్నా పరీక్ష రాసే టైముండేలా డెడ్‌లైన్‌కి రెండు మూడు నెలల ముందే అడగండి.