సుమో గాల్లోకి లేస్తే మనకేం నష్టం?

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి మా హాస్టల్ రూములో ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు కూచుని 'ఫ్యూరియస్ 7' చూస్తా ఉన్నాం. తెలుగు డబ్బింగే. అబుదాబిలో ఎర్ర కారు ఒక టవర్ అద్దాలు పగలగొట్టుకుని బయటికొచ్చి, పక్క టవర్లోకి దూరి, అక్కడా ఆగక మూడో టవర్లోకి పోయే సీను వచ్చింది. రూమంతా ఈలలు. అది అయిపోయినాక మా మెకానికల్ మిత్రుడు ఒకడు, "హాలీవుడ్ అంటే ఇదిరా! మనోళ్ళయితే సుమోలు గాల్లోకి లేపుతారు, అంతే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఆలోచిస్తే ఆ నవ్వులో ఏదో తేడా ఉందనిపించింది. కారు టవర్ నుంచి టవర్‌కి దూకితే స్టంటు. సుమో నేల మీంచి పైకి లేస్తే జోకు. రెండూ బండ్లే, రెండింటికీ గురుత్వాకర్షణ ఒకటే. మరి ఒకదానికి ఈల, ఇంకోదానికి మీమ్ ఎందుకు? ఇది నాకు కొంచెం సొంత విషయం కూడా. మాది చిత్తూరు జిల్లా ఐరాల. రాయలసీమ. సినిమాల్లో సుమోలు లేచింది మా సీమ పేరు మీదే కదా!

ముందు ఆ సుమోల సంగతి చూద్దాం. 2002లో 'ఆది', 'చెన్నకేశవరెడ్డి' రెండూ వచ్చాయి. రెండింటికీ దర్శకుడు వి.వి. వినాయక్. ఆ రోజుల్లో ఫ్యాక్షన్ సినిమా అంటే తెల్ల చొక్కాలు, వరసగా సుమోలు, బాంబులు. 2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో బాలకృష్ణ తొడకొడితే రైలే వెనక్కి పోయింది. అప్పటికి మా బ్యాచ్‌లో ఎవ్వరం పుట్టి కూడా ఉండం. మాకు ఆ సీన్లన్నీ వాట్సాప్ ముక్కలుగానే తెలుసు. ముందూ వెనకా లేకుండా ముప్పై సెకన్లు చూసి నవ్వడం అలవాటైపోయింది. అబుదాబి సీను కూడా అట్లా ముప్పై సెకన్లు కత్తిరించి, కింద తెలుగు హీరో పేరు వేసి పంపితే ఏమయ్యేదో మీరే చెప్పండి.

ఇంజినీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఒక లెక్క వేశాను. రెండు టవర్ల మధ్య 45 మీటర్లు ఉందనుకుందాం. ఇది ఊరికే లెక్క కోసం. కారు వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. గాల్లో ఉండేది 1.6 సెకన్లు. ఆ లోపల కారు కిందికి పడేది సుమారు 13 మీటర్లు, అంటే దాదాపు నాలుగంతస్తులు. కాబట్టి నాలుగంతస్తుల కింద పక్క టవర్లో దూరడం మరీ అసాధ్యమేం కాదు! అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. అప్పటికి కారు నిలువుగా కిందికి పడే వేగమే గంటకు 57 కిలోమీటర్లు అయి ఉంటుంది. ఆ దెబ్బకు సస్పెన్షన్ నుజ్జునుజ్జు, లోపలున్నవాళ్ళ వెన్నెముక కూడా. మన హీరోలిద్దరూ మాత్రం మూడో టవర్ కోసం ఎక్సలేటర్ తొక్కుతుంటారు. ఈ లెక్క మా మిత్రుడికి చూపిస్తే వాడు పేపర్ పక్కన పెట్టి, "సీను ఇంకోసారి పెట్టు" అన్నాడు. అదీ విషయం. లెక్క తెలిసినాక కూడా సరదా తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఎందుకు పెరిగిందంటే, నా అభిప్రాయం ఇది. ఇట్లాంటి సినిమా మనల్ని మోసం చెయ్యడం లేదు. "నేను చెప్పేది నిజం కాదు, నువ్వు నమ్మాల్సిన పనీ లేదు, ఊరికే నాతో రా" అని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తుంది. మా కాణిపాకం మా ఐరాల మండలంలోనే ఉంది. అక్కడ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చెయ్యకూడదని మా జిల్లాలో గట్టి నమ్మకం. నన్నడిగితే ఈ కార్ల సినిమాలు తీసేవాళ్ళు ధైర్యంగా అక్కడికొచ్చి ప్రమాణం చెయ్యొచ్చు. నిజమని వాళ్ళు ఎప్పుడూ అనలేదు కదా.

సీక్వెల్ అయ్యేకొద్దీ అతి పెరగడం కూడా ఇందులో భాగమే. 2001లో వచ్చిన మొదటి భాగంలో వీళ్ళు దోచేది లారీల్లో పోయే డీవీడీ ప్లేయర్లను. అయిదో భాగంలో ఏకంగా ఒక పెద్ద ఇనప లాకర్‌ను రెండు కార్లకు కట్టి రియో వీధుల్లో ఈడ్చుకుపోతారు. ఏడో భాగంలో విమానంలోంచి కార్లతో సహా దూకుతారు. 2021లో వచ్చిన తొమ్మిదో భాగంలో పాత కారుకు రాకెట్ కట్టుకుని అంతరిక్షంలోకి పోతారు. మా ఊర్లో వినాయక చవితి పందిరి కూడా ఇంతే. పోయినేడు బొమ్మ ఆరడుగులయితే ఈయేడు పదడుగులు ఉండాల్సిందే. దేవుడు పెరిగాడా అని ఎవ్వరూ అడగరు. పెంచడమే పండగ.

ఈ సినిమాను నేను మొదటిసారి చూసింది 2015 ఏప్రిల్‌లో. నాకు పదేళ్ళు. ఒంటిపూట బడుల రోజులు. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, లారీ డ్రైవరు. మామిడికాయలు, బెల్లం, టమాట ఏది దొరికితే అది లోడెత్తుకుని మద్రాసు దాకా పోతాడు. ఆ రోజు లోడు దొరకలేదని నన్ను చిత్తూరుకు మ్యాట్నీకి తీసుకుపోయాడు. విమానంలోంచి కార్లు పడే సీనులో హాల్లో అందరికంటే గట్టిగా నవ్వింది మామే. "ఒరేయ్ అల్లుడా, మేం కొండ దిగేదానికి ఫస్ట్ గేరులో ఏడస్తా ఉండాం, వాళ్ళు సూడు ఆకాశంలోంచే దిగతా ఉండారు!" అని తొడమీద కొట్టుకున్నాడు. స్టీరింగ్ బరువు తెలిసినవాడికి ఆ సీను ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. రోజంతా బ్రేకు మీద కాలు పెట్టి బతికేవాడికి బ్రేకే లేని రెండు గంటలు అవి.

ఇంకో ముచ్చట. ఆ సీను కోసం నిజంగానే సరుకు విమానంలోంచి కార్లను పారాచూట్లతో వదిలారు. వాటితోపాటు కెమెరా తలకు కట్టుకుని మనుషులు దూకారు. అంత అతిగా కనిపించేదాని వెనక అంత జాగ్రత్త ఉంది.

సినిమా చివర్లో రెండు కార్లు పక్కపక్కనే పోయి, రోడ్డు చీలిన చోట తెల్ల కారు వేరే దారి పడుతుంది. హాల్లో ముందు వరసలో కాలేజీ అన్నలు ఏడుస్తున్నారు. మామ నన్నడిగాడు, "ఏమైందిరా, కారు బాగానే పోతా ఉండాది కదా?" నాకూ తెలియదు. బయటికొచ్చినాక ఒక అన్న చెప్పాడు. ఆ తెల్ల కారు నడిపిన నటుడు పాల్ వాకర్ సినిమా పూర్తి కాకముందే, 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయాడని. ఆ రోజు అతను నడపలేదు, పక్క సీట్లో ఉన్నాడు. గంటకు 45 మైళ్ళ పరిమితి ఉన్న మామూలు రోడ్డు. కారు దానికి దాదాపు రెట్టింపు వేగంతో పోతోంది. మిగిలిన సీన్లు అతని తమ్ముళ్ళను పెట్టి, కంప్యూటర్‌తో ముఖం అతికించి పూర్తి చేశారు. తెర మీద టవర్లు దాటిన మనిషి, తెర బయట ఒక మలుపు దాటలేకపోయాడు. మామ ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు నా కథ. ఇంటర్ రెండో సంవత్సరం సెలవుల్లో, కాణిపాకం రోడ్డు మీద, మిత్రుడి బండి, వెనక ఇంకో మిత్రుడు ఫోన్ పట్టుకుని రీలు తీస్తా ఉన్నాడు. వేగం ఎనభై. హెల్మెట్ లేదు, ఉంటే ముఖం కనపడదు కదా! కల్వర్టు దగ్గర రోడ్డు మీద కొంచెం ఇసుక. అంతే. 40లో పోయే బండికంటే 80లో పోయే బండికి రెండింతలు కాదు, నాలుగింతల శక్తి ఉంటుందని పరీక్షలో రాసినవాణ్ణే. నా కుడి కాల్లో ఇప్పటికీ ప్లేటు ఉంది. వెనకున్నవాడికి మూడు పళ్ళు పోయాయి. వాళ్ళమ్మ మా ఇంటికి రావడం మానేసింది.

మామ లోడు దించి రాత్రికి రాత్రి ఆస్పత్రికి వచ్చాడు. తిడతాడనుకున్నా. మంచం పక్కన కూచుని చాలాసేపు ఊరకున్నాడు. తర్వాత, "ఆ సినిమావోళ్ళు తాళ్ళు కట్టుకోని దూకతారబ్బా. నువ్వు చెప్పులేసుకోని దూకితివి" అన్నాడు.

ఆ మాట మీదే నా వాదన అంతా నిలబడి ఉంది. నేను ఆ రోజు 'ఫ్యూరియస్ 7' చూసి అనుకరించలేదు. దాన్ని ఎవరు అనుకరించగలరు? ఐరాలలో టవర్లేవి, విమానమేది? నేను అనుకరించింది పదిహేను సెకన్ల రీళ్ళను. నాలాంటి పిల్లోడు, నాలాంటి బండి, మాలాంటి రోడ్డు. అందులో అతి ఏమీ లేదు. అంతా నిజమే. పడినవాళ్ళ రీలు మాత్రం ఎవరూ పెట్టరు, అదొక్కటే అబద్ధం. ఆకాశానికి లేచిన సుమో నన్ను పడెయ్యలేదు. నేల మీద నిజంగా పోయిన బండే పడేసింది. కాబట్టి "ఇట్లాంటి సినిమాల వల్లే పిల్లలు చెడిపోతున్నారు" అని పెద్దలు అన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: తప్పు బండిని పట్టుకుంటున్నారు.

ఇంత చెప్పినాక నా వాదనకు ఎదురు వచ్చే సినిమా గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. అది 'పుష్ప 2'. 2024 డిసెంబర్ 5న విడుదల. మూడు గంటల ఇరవై నిమిషాలు. అది కూడా సీక్వెలే, అతి కూడా ఉంది. కంటైనర్‌లో జపాన్ పోవడం, సారీ చెప్పి వెళ్ళిపోయి మళ్ళీ తిరిగొచ్చి రచ్చ చెయ్యడం, కాళ్ళూ చేతులూ కట్టేసినా నోటితో కొరికి కొట్టడం. నేను నాలుగు చోట్ల ఈల వేశా. ఇంకో కారణం కూడా ఉంది. మా యాసను ఇంతకుముందు విలన్ దగ్గరున్న మనుషులకో, నవ్వించే పాత్రలకో పెట్టేవాళ్ళు. హీరో మూడు గంటలు మా మాట మాట్లాడుతుంటే, హాస్టల్లో నన్ను వెక్కిరించినవాళ్ళే "ఇంకోసారి అను" అని అడిగారు. ఆ సంతోషం చిన్నది కాదు.

కానీ ఇక్కడ టవర్లు లేవు. ఉన్నది మా శేషాచలం. నేను మామతో కార్ల సినిమా చూసిన ఆ వారంలోనే, 2015 ఏప్రిల్ 7న, ఆ అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో పక్కనే అన్నమయ్య జిల్లాలో ఎర్రచందనం దొంగల కారును ఆపబోయిన టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను ఆ కారే గుద్ది చంపింది. అది కూడా ఛేజే. దానికి నేపథ్య సంగీతం లేదు. 'పుష్ప 2' చూస్తూ నేను ఈల వేసినప్పుడు ఈ రెండూ నాకు గుర్తు రాలేదు. బయటికొచ్చి టీ తాగేటప్పుడు గుర్తొచ్చాయి. సినిమా అతి చేసిన చోట నాకు ఇబ్బంది లేదు. అతి పక్కన నిజం ఊరి పేరుతో సహా నిలబడి, దాని కింద నలిగిన మనుషులు మాత్రం తెరమీద లేనప్పుడు, అక్కడ ఇబ్బంది. నా రీలులో లేనిది కూడా అదే కదా.

అందుకే మన క్లబ్బు మిత్రులకు నా మనవి. సినిమాను ఫిజిక్స్‌తో కొలవడం ఇక చాలిద్దాం. అది తేలిక పని, క్యాలిక్యులేటర్ చాలు. బండి ఎంత ఎత్తుకు లేచిందని కాదు, కింద ఎవరున్నారని అడుగుదాం. కింద ఎవరూ లేకపోతే, సుమో అయినా సూపర్ కారయినా హాయిగా ఈల వేద్దాం. తెలుగువాడు లేపితే జోకు, అమెరికావాడు లేపితే స్టంటు అనడం మాత్రం మానుకుందాం.

ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మామ ఒక లారీ కొన్నాడు. సెకండ్ హ్యాండే, కానీ మొదటిసారి సొంతం. కాణిపాకంలో పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇరవై రెండేళ్ళుగా లారీ తోలే మనిషి చేతులు వణుకుతుంటే నేను పక్క సీట్లోంచి చూశా. బండి మెల్లగా, నడిచే మనిషికంటే మెల్లగా కదిలింది. నిమ్మకాయలు నలిగిన చప్పుడు వినపడింది. మామ నా వైపు చూసి, "ఆ కార్లోళ్ళు మళ్ళా యాదన్నా తీసినారా?" అన్నాడు. పదో భాగం 2023లోనే వచ్చిందని, కథ సగంలో ఆపేశారని చెప్పా. "అయితే మిగిలింది వస్తే చెప్పు, పోదాం" అన్నాడు. పోతాం. హెల్మెట్ పెట్టుకునే పోతాం.