"మీ ఊరికి మీరు పోండి" అనే ముందు



పోయిన ఆదివారం రాత్రి మా హాస్టల్ రూములో పెద్ద వాదన జరిగింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చర్ల, భద్రాచలం, చింతూరు వైపు అడవుల్లో బతుకుతున్న గుత్తికోయల గురించి. "మావోయిస్టుల పని అయిపోయిందంటున్నారు కదా, ఇంగ వాళ్ల ఊళ్లకు వాళ్లు పోవచ్చు కదా" అన్నాడు ఒక తమ్ముడు. మాలో సగం మంది అవునన్నాం. నిజం చెప్పాలంటే నంద్యాలలో చదువుకునే మాకు వాళ్ల గురించి తెలిసింది తక్కువ. ఆ తర్వాత కూర్చుని చదివాం. మా మాట మార్చుకున్నాం. ఎందుకో చెబుతాం.

2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడానికని ప్రభుత్వ అండతో నడిచింది. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకు తోలారు. ఎన్నో ఊళ్లు కాలిపోయాయి. ఊళ్లో ఉంటే జుడుం భయం. క్యాంపుకు పోతే మావోయిస్టుల భయం. 2006 జూలైలో ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేసి దాదాపు 30 మందిని చంపారు. ఇటు పోయినా చావే, అటు పోయినా చావే అనిపించి వేల మంది అడవి దాటి మన వైపు వచ్చారు. ఆదివాసీ పిల్లలకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులుగా ముందుకు తొయ్యడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయినాయి.

ఈ బాధ మన నల్లమలకు తెలియనిది కాదు. రాత్రి అన్నం పెట్టమని ఒకరు, ఎందుకు పెట్టినావని పొద్దున ఇంకొకరు వచ్చేవాళ్లని ఆళ్లగడ్డ దగ్గరి చెంచుగూడెం నుంచి వచ్చిన మా మిత్రుడి జేజి ఇప్పటికీ చెబుతుంది. అయినా ఆమెకు ఆమె గూడెం మిగిలింది. వాళ్లకు అదీ మిగల్లేదు.

సరే, తిరిగి పోతే ఏమవుతుంది? బీజాపూర్ జిల్లాలో సర్కేగూడ అనే ఊరుంది. జుడుం రోజుల్లో ఆ ఊరివాళ్లు ఆంధ్రా వైపు పారిపోయి, కొన్నేళ్లకు ధైర్యం చేసి తిరిగి పోయినారు. ఇళ్లు కట్టుకున్నారు, పొలాలు దున్నుకున్నారు. 2012 జూన్ 28 రాత్రి అక్కడ భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. అందులో పిల్లలూ ఉన్నారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పే ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ తేల్చేసరికి 2019 వచ్చింది. ఈ సంగతి తెలిసినవాళ్లను "పోండి, ఏం కాదు" అని మనం ఏ ధైర్యంతో పంపాలి?

2026 మార్చి 31 నాటికి మావోయిజం లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. తుపాకులు ఆగితే అందరికన్నా ముందు సంతోషపడేది ఆదివాసీలే. కానీ తుపాకీ ఆగడం వేరు, భద్రంగా బతకడం వేరు. ఇన్నేళ్లు బీడు పడిన పొలం ఎవరి పేరున ఉంది? నువ్వు అప్పుడు ఎవరి పక్షం అని మళ్లీ అడిగితే అండగా ఎవరు నిలబడతారు? వీటికి కాగితం మీద జవాబు వచ్చేదాకా భద్రం అనే మాట వాడకూడదు.

ఇక్కడైనా వాళ్లకు సుఖం లేదు. 2022 నవంబర్‌లో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను చంపారు. అది ఘోరం. చేసిన ఇద్దరికి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. న్యాయమే. కానీ ఆ చావు తర్వాత గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్ పంపెయ్యాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది. ఇద్దరి తప్పుకు గూడెం మొత్తాన్ని వెళ్లగొట్టడం ఏ న్యాయం?

మాలో ఒక సుగాలి అన్న ఇంకో మాట అడిగాడు. "మనకున్నదే 6 శాతం. వాళ్లకూ ఎస్టీ ఇస్తే మన పిల్లల గతేంటి?" ఈ భయం అబద్ధం కాదు, అక్కడి కోయలకు భూమి భయం కూడా ఉంది. కానీ ఆ అన్న మేనత్త బళ్లారి వైపు ఉంటుంది. ఇక్కడ ఎస్టీ, అక్కడ ఎస్సీ. మహారాష్ట్రకు పోతే ఆ రెండూ కాదు. రాష్ట్రం గీత దాటితే మనిషి మారిపోతాడా? ఆ మాట అనుకున్నాక అన్న కూడా ఆలోచనలో పడ్డాడు.

దారి లేక కాదు. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ ఆదివాసీలను చూడండి. వెనక్కి పంపాలని ఎన్నోసార్లు చూశారు, 2019లో క్యాంపుల్లో రేషన్ కూడా ఆపారు. అయినా చాలామంది పోలేదు. చివరికి 2020 జనవరి 16న ఒప్పందం చేసి, దాదాపు 34 వేల మందికి త్రిపురలోనే స్థలం, ఇంటికి డబ్బు, రేషన్ ఇస్తామన్నారు. బ్రూలకు చేయగలిగింది గుత్తికోయలకు ఎందుకు చేయలేరు? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం)లో, 2005 డిసెంబర్ 13కు ముందు అక్రమంగా వెళ్లగొట్టబడిన ఆదివాసీలకు పునరావాస హక్కు, వేరే భూమి హక్కు ఉంది. ముందు లెక్క రాయాలి. ఎవరు ఎప్పుడు ఏ ఊరు నుంచి వచ్చారో రాయాలి. పోతామన్నవాళ్లకు అక్కడ భూమి, రక్షణ ఇవ్వాలి. ఉంటామన్నవాళ్లకు స్థానిక కోయల భూమి ముట్టకుండా ఇక్కడ చోటు చూపాలి. ఏది కావాలో వాళ్లే చెప్పాలి.

ఉంటాననే వీలు లేనప్పుడు పోతాననే మాటకు అర్థం లేదు. దాన్ని తిరిగి పోవడం అనరు, తరిమెయ్యడం అంటారు.

మన గ్రూపులో ఈ మధ్య "వాళ్లను పంపెయ్యండి" అని వచ్చే పోస్టులను మేమైతే షేర్ చెయ్యం. మీరూ ఒక్కసారి ఆలోచించండి. చర్ల, చింతూరు వైపు మిత్రులు ఉంటే మాకు తెలియనివి, మేము తప్పు రాసినవి కామెంట్లలో చెప్పండి. నేర్చుకుంటాం.