ప్రకృతి విశేషములు: పాటలో దాగిన యెలుక

ఎలుక యన్నంతనే మన సోదరీమణులకు ధాన్యపు గాదెయు, కొఱికిన చీరయు జ్ఞప్తికి వచ్చును. ఈ నెల మేము చెప్పబోవు ఎలుక యెవ్వరి యింటను జొరబడదు. దాని నివాసము అడవిలోని మహావృక్షములు. పేరు వీకా.

న్యూగినీకి తూర్పున పసిఫిక్ మహాసముద్రములో సొలొమన్ దీవులు గలవు. వానిలో వంగును అనునది యొక చిన్న దీవి. అచ్చటివారికి వీకా క్రొత్తది కాదు. దానిని గూర్చిన పాటలును, పిల్లల నాడించు పదములును వారికి గలవు. అది కొబ్బరికాయను సైతము దంతములతో తొలుచునని పెద్దలు చెప్పుచుండిరి. టైరోన్ లావెరీ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు 2010లో ఈ మాట విని, ఆ దీవివాడగు హికునా జడ్జితో గూడి యేండ్ల తరబడి వెదకెను. ఎలుక మాత్రము కనబడలేదు.

తుదకు 2015 నవంబరులో కలపకొఱకు కొట్టిన యొక చెట్టు కూలగా, దానినుండి బయటపడిన వీకా యొకటి గాయములచే మరణించెను. ఆ కళేబరమును చెడిపోకముందే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మ్యూజియమునకు చేర్చిరి.

క్రొత్తజాతి యని తేల్చుటకు కంటిచూపు చాలదు. పుఱ్ఱెను, ఎముకలను ఇదివఱ కెఱిగిన జాతులతో సరిపోల్చి, జన్యుపరీక్షయు జేసిరి. 2017లో లావెరీయు జడ్జియు గలిసి దానిని లోకమునకు వెల్లడించి, యూరోమిస్ వీకా అని నామకరణము చేసిరి. గ్రామస్థుల మాటయే శాస్త్రనామమున నిలిచినది. మూతి మొదలు తోక కొనవఱకు 46 సెంటీమీటర్లు, అనగా మూరెడు పొడవు. తూకము అరకిలో మొదలు కిలో వఱకు ఉండవచ్చునని యంచనా.

ప్రాణముతోనున్న వీకా చిత్రములు 2021లో గాని దొరకలేదు. జైరా గ్రామస్థుల సాయముతో అడవిలో కెమెరాలమర్చి, నువ్వులనూనెను ఎరగా నుంచగా, నాలుగు వీకాలు చిక్కినవి, చిత్రములు 95.

చెట్టు కూలుటచే వీకా మనకు దెలిసినది. చెట్లు కూలుటచేతనే అది నశించునేమో యను భయము గలదు. ఆ జాతి అత్యంత అపాయస్థితిలో నున్నది. జైరావాసులు తమ యడవిని కొట్టనీయక యేండ్లుగా కాపాడుకొనుచు వచ్చిరి. అది నిలిచిననే వీకా నిలుచును.

బిడ్డల నాడించు పదములను వట్టి కాలక్షేపమని త్రోసివేయువారు గలరు. శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి వెదకిన ప్రాణిని వంగును పిల్లలు పాటలో నెఱిగియుండిరి. తల్లులు ఈ సంగతి మఱవకుందురు గాక!