మోత వేరు, మంద్రం వేరు

కారు డిక్కీలో పెద్ద సౌండు పెట్టె బిగించుకున్న కుర్రవాణ్ణి చూడగానే సాహిత్యాభిరుచి గల మన మిత్రులు ముఖం చిట్లించడం చాలాసార్లు గమనించాను. వారి లెక్కలో సబ్‌వూఫర్ అంటే సంగీతానికి శత్రువు, సంస్కారలోపానికి చిహ్నం. ఈ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది. ఆ కుర్రవాడితోనూ పేచీ ఉంది. మంద్రాన్ని మోత అనుకొని ఇతడు డబ్బు తగలేస్తున్నాడు. మంద్రాన్ని మోత అనుకొనే వారు దానిని వెలివేస్తున్నారు.

మన సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడూ గౌరవనీయాలే. పాటకు మంద్రం ఇంటికి పునాది వంటిది. కంటికి కనబడదు, లేకపోతే ఇల్లు నిలవదు. ఇంగ్లీషువాడు కుక్క మొరుగుడును బట్టి ఆ స్పీకరుకు వూఫర్ అని పేరు పెట్టడంతో పాపం దానికి పుట్టుకతోనే మర్యాద తగ్గింది!

మంద్రాన్ని కోరుకోవడం మోటుతనం కాదని చెప్పడానికి శాస్త్రం కూడా ఉంది. 1933లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మనిషి చెవి ఏ స్వరాన్ని ఎంత గట్టిగా వింటుందో కొలిచి చూపారు. నెమ్మదిగా వినే పాటలో 50 హెర్ట్జ్ ధ్వని 1000 హెర్ట్జ్ ధ్వనితో సమానంగా వినబడాలంటే దానికి 30 డెసిబెల్లకు పైగా అదనపు బలం కావాలి. అంటే లోస్వరాల విషయంలో మనందరికీ పుట్టు చెవుడు కొంత ఉన్నదన్నమాట. దీనికి తోడు కదిలే కారులో టైర్ల రొద, ఇంజను ఊపు ఎక్కువగా లోస్వరాలలోనే ఉంటాయి. అవి పాటలోని మంద్రాన్ని కప్పివేస్తాయి. అంచేత కారులో మంద్రానికి కొంత సాయం అవసరమే. ఆ సాయం ఎలా చేయాలన్నదే ప్రశ్న.

"వాట్లు పెంచండి" అంటుంది దుకాణం. ఆ సలహాలో ఎంత బలముందో చూద్దాం. 500 వాట్ల ఆంప్లిఫయరు తీసి 1000 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్లు. చెవికి అది కొద్దిపాటి తేడా. రెట్టింపు వినబడాలంటే 10 డెసిబెల్లు, అంటే పది రెట్ల వాట్లు కావాలి. ఈ లెక్క దుకాణం గోడ మీద ఎక్కడా కనబడదు.

ఇంతకూ కారే ఒక వరం. 40 హెర్ట్జ్ ధ్వనితరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు. కారు లోపలి చోటు మూడు మీటర్లైనా ఉండదు. ఆ తరంగం లోపల పట్టదు కనుక, స్పీకరు ముందుకూ వెనుకకూ కదిలినప్పుడల్లా కారులోని గాలి అంతా ఒక్క ముద్దగా నొక్కుకొని వదులుతుంది. స్వరం కిందికి దిగేకొద్దీ ఈ మేలు ఇంకా పెరుగుతుంది. పెద్ద హాలులో వేల వాట్లు చేసే పనిని కారులో వందల వాట్లు చేయగలిగేది ఇందువల్లనే. అయితే తలుపులు మూసి ఉన్నప్పుడే ఈ వరం. డిక్కీ బార్లా తెరిచి ఊరికంతటికీ వినిపించేవాడు తన మంద్రాన్ని తానే గాలికి వదిలేస్తున్నాడు.

ఇవన్నీ పుస్తకంలో లెక్కలే అంటారేమో, గూడూరులో చూసినది చెబుతాను. రైలు జంక్షను గూడూరు కాదు. నర్సంపేట నుంచి మానుకోటకు పోయే దారిలోని గూడూరు. అక్కడ నాకు మేనల్లుడి వరసైన కుర్రవాడొకడు కారు కిరాయికి నడుపుతాడు. డిక్కీలో పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు పెట్టించాడు. ఎంత పెంచినా బాసు రావడం లేదని దిగులు. రెండో ఆంప్లిఫయరు కావాలని పట్నంలో ఒక దుకాణదారు చెప్పాడట. చీటీ ఎత్తి కొనడానికి సిద్ధమయ్యాడు. "ఇంకో ఆంప్ ఏస్తే అదిరిపోతది మామా!" అన్నాడు. చీటీ ఎత్తే ముందు ఒక్క ఆదివారం ఆగమన్నాను.

మొదట స్పీకర్ల వైర్లను ఆంప్లిఫయరు నుంచి ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల టార్చిలైటు సెల్లును ఒక్కొక్క స్పీకరుకు తాకించి చూశాం. ప్లస్సును ప్లస్సుకు తాకిస్తే స్పీకరు అట్ట ముందుకు రావాలి. ఒకటి ముందుకు వచ్చింది, రెండోది వెనక్కి పోయింది. బిగించినవాడు ఒకదాని వైర్లు తిరగవేశాడన్నమాట. ఒకే తలుపును ఇద్దరు చెరోవైపు నుంచి తోస్తున్నట్టు, ఒకటి నెట్టిన గాలిని రెండోది పీల్చుకుంటోంది. ఈ స్థితిలో మరో ఆంప్లిఫయరు వేస్తే కొట్లాట పెరిగేదే కాని బాసు పెరిగేది కాదు. వైర్లు మార్చడానికి పైసా ఖర్చు కాలేదు.

తరువాత పెట్టె. అది గాలి పోకుండా మూసి ఉండవలసిన రకం. వైరు దూర్చిన రంధ్రం వద్ద చేయి పెడితే పాట దరువుకు తగ్గట్టు గాలి తగులుతోంది. ఎం-సీల్‌తో మూసేశాం. (గొట్టం ఉన్న పెట్టెల సంగతి వేరు. అవి తమకు లెక్కగట్టిన స్వరం దగ్గర ఎక్కువ పలుకుతాయి, దానికి కిందికి దిగితే స్పీకరుకు పట్టు ఉండదు. అందుకే వాటికి అతి లోస్వరాలను ఆపే ఫిల్టరు తప్పనిసరి.) స్పీకరు కంపెనీవారు ఇచ్చిన కాగితంలో పెట్టె ఎన్ని లీటర్లుండాలో రాసి ఉంటుంది. స్పీకరుకు వేలు పోసి, పెట్టెను మాత్రం డిక్కీలో పట్టిన కొలతకు కోయించడం మనవాళ్ళ అలవాటు. నన్నడిగితే ముందు పెట్టె, ఆ తరువాతే స్పీకరు.

మూడవది కరెంటు. 500 వాట్లు నిజంగా ఇచ్చే ఆంప్లిఫయరు, నూటికి ఎనభై పాళ్ళ సామర్థ్యంతో పనిచేసినా, 13.8 వోల్టుల వద్ద సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. దానికి ఇంట్లో ఫ్యానుకు వేసే వైరు వేస్తే దారిలోనే వోల్టులు రాలిపోతాయి. ఎర్తు వైరును కారు బాడీకి పెయింటు మీదనే బిగించారు. పెయింటు గీకి, మెరిసే ఇనుముకు బిగించి, లావుపాటి రాగి వైరు వేయించి, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టించాం. ఆ రోజంతటికీ అసలైన ఖర్చు ఇదొక్కటే. ఆ ఫ్యూజు బాసు కోసం కాదు, వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే కారు తగలబడకుండా.

నాలుగవది మీటలు. బాస్ బూస్ట్ చివరిదాకా తిప్పి ఉంది. అది 45 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్లు పెంచే మీట; అంటే అక్కడ పదహారు రెట్ల వాట్లు అడుగుతుంది. లేని వాట్లు ఎక్కడ నుంచి వస్తాయి? తరంగం తల తెగి, పాట బొంగురుపోయి, స్పీకరు చుట్ట కాలుతుంది. దానిని సున్నాకు తెచ్చాం. గెయిన్ అనే మీటను చాలామంది వాల్యూం అనుకుంటారు. అది సెట్టు నుంచి వచ్చే బలానికి ఆంప్లిఫయరును సరిజోడు చేసేదే, దానినీ తగ్గించాం. సబ్‌వూఫర్‌ను 80 హెర్ట్జ్ కిందికీ, తలుపుల్లోని చిన్న స్పీకర్లను 80 పైకీ పరిమితం చేసేసరికి గొంతులు తేటపడ్డాయి. చివరగా అతణ్ణి డ్రైవరు సీటులో కూర్చోబెట్టి ఫేజ్ మీటను అటూ ఇటూ మార్చాను. ఎటు మంద్రం నిండుగా వస్తే అటు ఉంచేశాం. నంబరు ప్లేటు వెనుక స్పాంజి పట్టీ అంటించగానే అంతవరకూ బాసు అని అతడు భ్రమపడుతున్న గడగడ కాస్తా ఆగిపోయింది.

ఇళయరాజా కూర్చిన 'గీతాంజలి' (1989) పాటలు పెట్టమన్నాను. బాస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. వాల్యూం వెనుకటి దానిలో సగమే ఉంది. "ఈ పాటల ఇది ఉన్నదా మామా?" అన్నాడు కుర్రవాడు. చీటీ డబ్బు ఇంట్లోనే మిగిలింది. నా వాదనకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. మంచి మంద్రం వింటే మనిషి వాల్యూం తగ్గిస్తాడు.

ఇక ముఖం చిట్లించే మిత్రుల వైపు వద్దాం. వారి బాధ నిజమైనదే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. ఆ కొలతను చెవి తీరుకు సర్దిన 'ఏ' తూకంతో తీస్తారు. ఆ తూకం 50 హెర్ట్జ్ ధ్వని నుంచి 30 డెసిబెల్లు తగ్గించి చూపుతుంది. వీధిలో 85 డెసిబెల్ల బాసు మోగుతుంటే మీటరు 55 అంటుంది! హద్దు దాటలేదు కదా అంటారు. గోడ గొంతును ఆపినట్టు బాసును ఆపలేదు. అది నేరుగా ఇంట్లోకి వస్తుంది, పైకప్పు రేకులను గిలకలా ఆడిస్తుంది, మంచాన పడ్డ ముసలివారి గుండె మీద కూర్చుంటుంది. 2024 అక్టోబరు 1న హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. ఊరేగింపును ఆపవచ్చు. రాత్రి వీధి మలుపులో నిలిచిన ఒక్కొక్క కారును ఏ మీటరు పట్టుకుంటుంది? చట్టం కొలబద్దకు చిక్కనిదానిని మర్యాదే పట్టుకోవాలి.

ఆ మర్యాద మనకు తెలియనిదేమీ కాదు. దప్పు వాయించేవారు ముందు గడ్డిమంట వేసి, చర్మాన్ని సెగకు చూపి, వేలితో మీటి, పలుకు కుదిరిందనుకున్న తరువాతే దెబ్బ వేస్తారు. చెమ్మకు సడలిన దప్పును ఎంత గట్టిగా కొట్టినా పలకదని వారికి తెలుసు. ఒగ్గుకథలో డోలు కథకుడి మాటను మోస్తుందే తప్ప మింగదు. ముందు శ్రుతి, తరువాతే దెబ్బ అన్నది దప్పు పట్టిన చేతులు ఏనాడో తేల్చిన సంగతి. దానిని డిక్కీలోని పెట్టెకు వర్తింపజేయడమే మనం చేయవలసింది.

కాబట్టి కారులో మంచి బాసు కావాలనుకునే వారికి నేను చెప్పే పరీక్ష ఒక్కటే. పాట పెట్టి, నాలుగు తలుపులూ డిక్కీ మూసి, దిగి పది అడుగులు నడవండి. బాసు మిమ్మల్ని వెంబడిస్తే వాల్యూం తగ్గించండి. తగ్గించిన తరువాత మళ్ళీ లోపల కూర్చోండి. పాట కింద నేల ఉన్నట్టు అనిపిస్తే మీ సెట్టు కుదిరినట్టే. అనిపించకపోతే కొత్త ఆంప్లిఫయరు మాట ఎత్తకుండా, ఒకటిన్నర వోల్టుల సెల్లొకటి తెచ్చుకోండి.